గజ్జె కన్నా ముందు

మా అత్త పోయింది. హైదరాబాదు నుంచి మా ఆయన ఫోన్ చేసేసరికి నేను గద్వాలలో మా ఇంటి వసారాలో కూర్చుని పట్టు కండెలు చుడుతున్నాను. ఆ పొద్దున్నే ఆయన, "జ్వరం దిగింది, రెండు ముద్దలు తిన్నది" అని చెప్పి ఉన్నాడు. అందుకని ఈసారి ఫోన్ మోగగానే, ఇంటికి ఎప్పుడు తీసుకొస్తున్నారో చెప్పడానికే అనుకున్నాను. "ఏమంటున్నరు డాక్టర్లు?" అని అడిగాను. "అమ్మ లేదు" అన్నాడు. నేను ఫోన్ పక్కన పెట్టి మళ్లీ కండె చుట్టడం మొదలుపెట్టాను. చెయ్యి దానంతట అదే తిరిగింది. దారం తెగాక గానీ ఏడుపు రాలేదు.

చూడవచ్చిన వాళ్లందరూ ఒకటే అడిగారు, ఇంతకీ ఏం రోగం అని. ఊపిరితిత్తులకు నిమ్ము చేసి పోయింది, అది నిజం. కానీ దాని వెనక ఇంకొకటి ఉంది. పోయెమ్స్ అంటారు దాన్ని. నరాలూ, కడుపులోని అవయవాలూ, గ్రంథులూ, రక్తమూ, చర్మమూ అన్నింటినీ పట్టే జబ్బు. లక్షల్లో ఎవరో ఒకరికి వస్తుందట. మా వీధిలో ఆ పేరు విన్నవాళ్లు లేరు, నేనూ వినలేదు. ఆ పేరు తెలిసేదాకా మేం పడ్డ భయమూ, తెలిశాక పడ్డ భయమూ వేరు వేరు. ఈ రెండు భయాల నడుమ ఆమె ఎట్లా ఉండిందో చెప్పుకుంటే తప్ప నా మనసు కుదుటపడేట్టు లేదు.

నేను లింగాల ఊరి పిల్లను. మా నాన్నది మెట్ట సేద్యం. పత్తి ఏరడం, పల్లికాయ తెంపడం తప్ప నాకు ఇంకో పని రాదు. పెళ్లయి వచ్చిన కొత్తలో మగ్గం దగ్గరికి పోవాలంటేనే జంకేదాన్ని. గద్వాల చీరకు నడుమ నూలు, అంచులు పట్టు. రెండింటినీ మగ్గం మీదనే కలిపి నేస్తారు. అందుకని ఒక్క మనిషి చాలడు. మగ్గం కింద తవ్విన గుంతలో కాళ్లు వేసుకుని కూర్చున్న మనిషి కింది పలకలు కాలితో తొక్కుతూ నడుమ నేస్తుంటే, పక్కన పీట మీద కూర్చున్న ఇంకో మనిషి అంచు నాడెను, అంటే పట్టు కండె పెట్టి అటూ ఇటూ తోసే చెక్కను, అందిస్తూ ఉండాలి. మా మామ ఉన్నన్నాళ్లు గుంతలో ఆయన, అంచు దగ్గర అత్త. ఆయన పోయాక ఆమే గుంతలోకి దిగింది. అంచు దగ్గరి పీట ఖాళీ అయింది. ఆ పీట మీదికి నేను వచ్చాను. మా ఆయన రంగులద్దకం, పడుగులు తయారు చేయించడం, సేటు దుకాణం చుట్టూ తిరగడం చూసుకునేవాడు.

మొదటి రోజు నాడె పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అత్త నవ్వింది.

"పత్తి ఏరిన చెయ్యి గదనే నీది, పట్టు అంటె భయపడుతది. పట్టుకు నీ భయం తెల్వదులే. ఎయ్యి."

వేశాను. దారం తెగింది. మళ్లీ వేయించింది. ఒక్కమాటైనా తిట్టలేదు. కాకపోతే ఎక్కిరించడం మానలేదు. "నీకు బువ్వ లేకున్నా నడుస్తది గని భయం లేకుంటె నడవది పిల్లా" అనేది. ఆ మాట నిజం. మా పాపకు కాస్త ఒళ్లు వెచ్చబడితే చాలు, నాకు నూరు ఆలోచనలు వస్తాయి. ఆమె నన్ను చూసి, "ఇగో, ఈమెకు జొరం పట్టింది, ముందు ఈమెకు మందియ్యిర్రి" అని మా ఆయనతో అనేది.

నేసిన ప్రతి జానెడూ ఆమె చేత్తో చూసుకునేది. పట్టూ నూలూ కలిసేచోట, వెనక వైపు, కళ్లు మూసుకుని వేలు నడిపించేది. ఎక్కడైనా అతుకు సరిగ్గా పడకపోతే వేలు అక్కడ ఆగిపోయేది. "కండ్లు మోసం జేస్తయ్ బిడ్డా, ఏలు చెయ్యదు" అనేది. పాత పడుగు అయిపోయి కొత్త పడుగు అతికేటప్పుడైతే వేళ్లకు ఇంత బూడిద రాసుకుని, పోగుకు పోగు మెలిపెడుతూ, తల ఎత్తి మాతో ముచ్చట్లు పెట్టేది. పని వైపు చూసేదే కాదు.

మా పాప బడిలో చేరిన ఏడు దాని కాలి పట్టీలు బిగుతయ్యాయి. తీసేసి కొత్తవి చేయించాం. పాత పట్టీల గజ్జె ఒకటి తీసి అత్త తన మగ్గం పలకకు దారంతో కట్టింది. పలక తొక్కినప్పుడల్లా ఘల్లుమనేది. ఏందత్తా ఇది అని అడిగితే, "పిల్ల బడికి పోయినంక ఇల్లు బోసిపోయింది. ఇది మోగుతుంటె ఇంట్ల తిరుగుతున్నట్టె ఉంటది" అంది. మనవరాలంటే ఆమెకు అంత మురిపెం కాబట్టి నేను నమ్మాను. నాకూ ఆ సద్దు అలవాటైంది. గజ్జె మోగగానే నేను నాడె వేసేదాన్ని.

కాళ్లు తిమ్మిర్లని ఎప్పుడైనా అనేది. దాన్ని ఎవరు పట్టించుకుంటారు? గుంతలో కూర్చునే ప్రతివాళ్లకూ కాళ్లు మొద్దుబారుతాయి. మా వీధిలో సాయంత్రమైతే గడపల మీద కూర్చుని కాళ్లు పిసుక్కోని మనిషి ఉండడు. "గుంత సల్లదనం" అంటారు. నువ్వుల నూనె రాసుకుంటారు. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఎర్ర సూది వేసి, "ఏం గాదు పెద్దమ్మా, మగ్గం మీది నుంచి జర లేసి తిరుగుతుండు" అంటాడు. అత్తకూ అదే చెప్పాడు. ఆమె ఒళ్లు రోజురోజుకూ నల్లబడుతుంటే మా ఆయన అద్దే రంగుల ఆవిరి పట్టిందనుకున్నాం. పాదాలు వాచి చెప్పులు పట్టకపోతే ఉప్పు తగ్గించమన్నాం. కాళ్ల మీద మగవాళ్లలా వెంట్రుకలు మొలిస్తే ఆమె సిగ్గుపడి చీర కుచ్చిళ్లు కిందికి లాక్కునేది. వయసు మీద పడుతోంది అనుకున్నాం. ఒక్కొక్కదానికీ మా దగ్గర ఒక జవాబు ఉండేది. అవన్నీ ఒకే మనిషికి ఎందుకు వస్తున్నాయని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆత్మకూరులో ఆమె తమ్ముడు ఉన్నాడు. పండక్కి ఆమె అక్కడికి పోయినప్పుడు అక్కను చూసి అదిరిపడి, బస్సెక్కించి వనపర్తి తీసుకుపోయాడు. అక్కడ రక్తం పరీక్షలో షుగర్ బయటపడింది. ఎక్కువేం కాదు, కొంచెమే. థైరాయిడ్ కూడా తక్కువగా ఉందన్నారు. రెండింటికీ మాత్రలు ఇచ్చారు. నిజం చెప్పాలంటే ఆ రోజు మాకు పండగే. ఏదో ఒక పేరు దొరికింది కదా. షుగరున్నవాళ్లకు కాళ్లు మొద్దుబారతాయని అందరికీ తెలుసు. నేను చక్కెర డబ్బా అటక మీద పెట్టేశాను. ఆమె మాత్రం, "షుగర్ వచ్చి నెల గాలే, కాళ్లు వోయి ఎన్ని దినాలాయె" అని గొణిగింది. ఎన్ని దినాలైందని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

కొత్త పడుగు అతికే రోజు వచ్చింది. నేను అటు నుంచి పోగులు అందిస్తున్నాను. అత్త ముచ్చట పెట్టడం లేదు. ఏమైందా అని చూస్తే, తల వంచి తన వేళ్లనే చూస్తోంది. రెప్ప వేయకుండా, సూదిలో దారం ఎక్కించే ముసలివాళ్ల మాదిరిగా చూస్తోంది. మెలిపెట్టిన పోగు విడిపోతోంది. మళ్లీ బూడిద అద్దుకుంటోంది. గోళ్లు సున్నం రాసినట్టు తెల్లగా ఉన్నాయి.

"అత్తా, ఏమైతుంది?"

"ఏం లేదు. నువ్వు అందియ్యి."

"ఏళ్లకు తెలుస్తలేదా?"

ఆమె తల ఎత్తలేదు. "అందియ్యి అన్న గదా" అంది. అంత కటువుగా నాతో ఆమె మాట్లాడింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాత కొన్నాళ్లకు అన్నానికి లేవమంటే గుంతలోంచి లేవలేకపోయింది. రెండు చేతులూ నేల మీద ఆనించి పైకి లేవబోయింది, తొడల్లో బలం లేదు. మా ఆయన చంకల కింద చేతులు వేసి ఎత్తి బయట కూర్చోబెట్టాడు. ఆమె ఆ గుంత వైపు చూసి, "నా గుంతనే నన్ను పట్టుకున్నది సూడు" అని నవ్వబోయింది. మా ఆయన అక్కడ నిలబడలేక బయటికి వెళ్లిపోయాడు.

కర్నూలులో నరాల డాక్టరు కాళ్లకూ చేతులకూ కరెంటు పెట్టి చూశాడు. నరాల పైపొర దెబ్బతింటోంది, ఒంట్లోని రక్షణశక్తే తప్పుదారి పట్టి నరాలను తింటోందేమో అన్నాడు. ఖరీదైన మందు నరంలోకి ఎక్కించారు. లేచి నడుస్తుందని ఎదురుచూశాం. నడవలేదు సరికదా, నిలబడటమూ పోయింది. ఆయన మంచివాడు. దాచుకోకుండా చెప్పాడు: "ఈ మందుకు లొంగాలి, లొంగలేదు. నేననుకున్నది కాదిది. ఆలస్యం చేయకుండా హైదరాబాదు తీసుకుపొండి." ఆలస్యం అన్న మాట దారి పొడుగునా నా చెవిలోనే ఉంది. నడక పోయింది, చేతులు పోతున్నాయి. తర్వాత ఏం పోతుందో అడిగే ధైర్యం మా ఇద్దరిలో ఎవరికీ లేదు. అత్తే అడిగింది, బండిలో, నా భుజం మీద తల పెట్టుకుని: "ఊపిరి గుడ నరాలతోనే నడుస్తదానె?" నేను తెల్వదన్నాను. నాకు తెలుసు. కర్నూలు డాక్టరు చెప్పి ఉన్నాడు.

హైదరాబాదు పెద్ద దవాఖానలో ఒక గది నుంచి ఇంకో గదికి తిప్పారు. కాళ్లు ఒకరు చూశారు, కడుపు ఒకరు చూశారు, గొంతు దగ్గరి గ్రంథి ఒకరు చూశారు. అత్తకు విసుగొచ్చింది. "అంచొకడు నేసి, నడుమొకడు నేసి, కొంగొకడు నేసి, ఎవని ముక్క వాడే పట్టుకవోతె చీరెట్లయితదయ్యా? నన్ను పూరా సూసేటోడు లేడా?" అని గట్టిగానే అంది. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం భయమేసింది, డాక్టర్లకు కోపమొస్తుందేమోనని.

చివరికి ఒక లేడీ డాక్టరు దగ్గరికి పంపారు. వయసులో నాకంటే చిన్నదేమో. కాగితాలు ముట్టుకోలేదు. ముందు అత్త చేతులు పట్టుకుని గోళ్లు చూసింది. తర్వాత రెండు కొమ్ములున్న ఉక్కు కడ్డీ తీసి, అరచేతికి కొట్టి, గుయ్యిమంటుండగా అత్త చీలమండ మీద ఆనించింది. ఇట్లాంటిది కర్నూలులోనూ చేశారు.

"కళ్లు మూసుకోండమ్మా. అదురు తెలుస్తోందా?"

"తెలుస్తుంది."

ఇంకో కాలికి పెట్టింది. తెలుస్తుందంది. మోకాలికి పెట్టింది. తెలుస్తుందంది. కర్నూలులోనూ ఇట్లాగే చెప్పింది. అప్పుడా డాక్టరు కడ్డీని ఎప్పటిలాగే అరచేతికి కొట్టి, మోత వెంటనే వేళ్లతో ఆపేసి, కదలిక లేని కడ్డీని చీలమండ మీద పెట్టింది.

"ఇప్పుడు?"

"తెలుస్తుంది" అంది అత్త.

డాక్టరు కడ్డీ పక్కన పెట్టింది. కుర్చీ ముందుకు జరుపుకుని, నెమ్మదిగా అడిగింది. "అమ్మా, మీరు కాలితో చెప్తున్నారా, చెవితో చెప్తున్నారా?"

అత్త కళ్లు తెరవలేదు. మూసిన కళ్లలోంచే నీళ్లు కారాయి. నాకు ఒక్కసారిగా ఆ గజ్జె గుర్తొచ్చింది. పలక తొక్కడం, ఘల్లుమనడం, నేను నాడె వేయడం. మనవరాలి మురిపెం కాదది. పలక మీద పాదం పడిందో లేదో తెలియక, చెవిని అడిగి తెలుసుకోవడానికి కట్టుకున్నది.

"అత్తా, గజ్జె కట్టినప్పుడే కాళ్లకు తెలుస్తలేకుండెనా?"

"చెప్తె మగ్గం మీదికెల్లి లేపుతరు గదానే" అంది. "మీ మామ వోయినంక నాకు గా గుంత తప్ప ఏమున్నదే?"

డాక్టరుకు గజ్జె సంగతి నేనే చెప్పాను. ఎప్పుడు కట్టిందని ఆమె గుచ్చి గుచ్చి అడిగింది. పాప బడిలో చేరిన ఏడని, ఇప్పుడు రెండో తరగతి అని చెప్పాను. షుగర్ ఎప్పుడు తెలిసిందని అడిగింది. పోయిన పండక్కి అన్నాను. "అయితే ఇది షుగర్ పని కాదు. కాళ్లే ముందు" అంది. ఇక ఆగలేదు. పొట్ట నొక్కి చూసి కాలేయం, ప్లీహం పెరిగాయంది. కాళ్ల మీది వెంట్రుకలు, చర్మం నలుపు, పాదాల వాపు ఒక్కొక్కటే చూసింది. "మొదటి నుంచీ ఇదే రంగా ఈమెది?" అని అడిగింది. మా ఆయన జేబులోంచి ఫోన్ తీసి మా పెళ్లి ఫోటో చూపించాడు. అందులో అత్త మంచి పసుపు ఛాయలో ఉంది. ఆ డాక్టరు ఫోటోనూ మనిషినీ మార్చి మార్చి చూసి, "ఇవన్నీ ఒకే చోటు నుంచి వస్తున్నాయేమో చూద్దాం" అంది. బయటికొచ్చాక అత్త నాతో అన్న మొదటి మాట: "పూరా సూసిందే ఈ బిడ్డ."

రక్తంలో ఒక వింత ప్రోటీన్ కోసం వెతికారు. ముందు పంపిన పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. మా ఆయన, "ఏం లేదంటె మంచిదే గదా" అన్నాడు. ఏమీ లేదన్న మాటకు నేను అంత భయపడటం జన్మలో అదే. ఏమీ లేకపోతే మళ్లీ ఏ గదికి పంపుతారు? ఎన్నాళ్లని? ఆ పొద్దున అత్త గ్లాసు పట్టుకోబోతే చేతిలోంచి జారిపోయింది. వేళ్లు కూడా వేలాడుతున్నాయి. డాక్టరు మాత్రం, అది చాలా కొంచెమే ఉంటుంది, మామూలు పరీక్షకు అందదు అని ఇంకా సూక్ష్మమైన పరీక్షకు పంపింది. ఒళ్లంతా స్కాన్ తీయించింది. వెన్ను కింది ఎముకలోంచి సూదితో మూలుగ తీశారు. ఆ ఫలితం వచ్చేదాకా మేం దవాఖాన మెట్ల మీద కూర్చునేవాళ్లం. చేతిలో నంబరు చీటీ పట్టుకుని పిలుస్తారేమోనని వినడమే పని. ఎవరి పేరు పిలిచినా నేను లేచి నిలబడేదాన్ని. అత్త చక్రాల కుర్చీలోంచి, "కూసో. నా పేరు నీకు తెల్వదా?" అనేది.

రెండో పరీక్షలో ఆ ప్రోటీన్ కనిపించింది. తుంటి ఎముకలో మచ్చలు కనిపించాయి. డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి, దీని పేరు పోయెమ్స్ అని, అర్థమయ్యేట్టు చెప్పింది. ఎముక మూలుగలో ఒక రకం రక్తకణాలు అడ్డదిడ్డంగా పెరుగుతున్నాయట. అవి చేసే గొడవ వల్లే నరాలు చచ్చుబడుతున్నాయి, కాలేయం పెరుగుతోంది, ఒంటికి నీరు పడుతోంది, గ్రంథులు మందగిస్తున్నాయి, తోలు నల్లబడుతోంది. మందు నరానికి కాదు, ఆ కణాలకు వేయాలి. మా ఆయన, "నయమైతదా మేడం?" అన్నాడు. "ఆపగలం. నరం మాత్రం చాలా నెమ్మదిగా కోలుకుంటుంది. ఓపిక పట్టాలి. మళ్లీ రాదని మాట ఇవ్వలేను" అంది. అత్త అడిగింది ఒక్కటే. "ఏలుకు పోగు తెలుస్తదా బిడ్డా?" డాక్టరు ఆమె వేళ్లను తన చేతిలోకి తీసుకుని, "ప్రయత్నిద్దామమ్మా" అంది. ఆ మాటను అత్త ఇంటికొచ్చేదాకా మూటగట్టుకుని తెచ్చుకుంది.

కొన్ని నెలలు మాత్రలు మింగింది. తర్వాత ఆమె ఒంట్లోంచే మూలకణాలు తీసి దాచి, ఘాటైన మందుతో రోగపు కణాలను చంపి, దాచినవాటిని మళ్లీ ఎక్కించారు. అన్నాళ్లూ అద్దాల గదిలో ఒంటరిగా ఉంచారు. జుట్టంతా రాలిపోయింది. కాస్త జ్వరం వచ్చినా ప్రాణం మీదికొస్తుందని చెప్పారు కాబట్టి, నర్సు థర్మామీటరు చూసినప్పుడల్లా నేను నర్సు మొహం చూసేదాన్ని. అద్దం అవతలి నుంచి అత్త నన్ను పిలిచి, దుప్పటి కింద తన కాలును చూపించేది. మంచం చివరి పలకను తొక్కుతున్నట్టు బొటనవేలు అదిమేది. "నువ్వు నాడె ఎయ్యి" అన్నట్టు చేత్తో సైగ చేసేది. నేను ఇటు నుంచి నాడె విసిరినట్టు చెయ్యి ఆడించేదాన్ని. పక్కనున్నవాళ్లు మాకు పిచ్చి పట్టిందనుకుని ఉంటారు.

ఇంటికొచ్చిన ఏడాదికి పొట్టవాపు తగ్గింది. రంగు తిరిగింది. ముందు తొడలకు, తర్వాత మోకాళ్లకు బలమొచ్చింది. పాదాల్లో చీమలు పాకుతున్నాయని ఏడ్చేది. ఆ మంట మంచిదేనని డాక్టరు ఫోనులో చెప్తే, "మంచిదైతె ఆమెనే పెట్టుకోమను" అనేది. ఒక పొద్దున మా ఆయన పట్టుకుంటే నిలబడి, గోడ ఆసరాతో మగ్గం దాకా నడిచింది. గుంతలో కూర్చోబెట్టమంది. నేను వద్దన్నాను. భయం నాది, మగ్గం ఆమెది. కూర్చోబెట్టాం. పాదం పలక మీద పెట్టి తొక్కింది. ఘల్లుమంది.

"ఇంక గజ్జె తీసేద్దామా అత్తా?" అన్నాను.

"తియ్యకు" అంది. "ఇప్పుడే అక్కెర దాంతోని."

అప్పటి నుంచి పని మొదలుపెట్టే ముందు ప్రతి పొద్దునా కళ్లు మూసుకుని పలక ఒకసారి తొక్కేది. ముందు కాలికి తెలిసిందా, ముందు గజ్జె వినబడిందా అని చూసుకునేది. నేను పీట మీది నుంచి అడిగేదాన్ని: "తెలిసిందా?" ఆమె కళ్లు తెరిచి, "గజ్జె కన్న ముందే తెలిసిందే" అనేది. అప్పుడు గానీ నాకు చెయ్యి ఆడేది కాదు. ఇరుగుపొరుగుకు అది ఆటలా ఉండేది. మాకు అది ఆ రోజు బతికున్నామన్న కబురు. పడుగు అతకడం మాత్రం మునుపటిలా రాలేదు. వేళ్లకు సగం తెలివే తిరిగొచ్చింది. అయినా అంచు వెనక వేలు నడిపి, ఒకచోట ఆపి, "ఈడ నీ అతుకు సరిగ పడలే" అని నన్ను పట్టుకున్న రోజు నేను సంతోషంతో ఏడ్చాను. "తప్పు వట్టుకుంటె ఏడుస్తరానె?" అని ఎక్కిరించింది.

అట్లా కొన్నేళ్లు ఇచ్చింది ఆ మందు. అందులో ఒక్క పొద్దున కూడా నేను "తెలిసిందా?" అని అడగకుండా ఉండలేదు.

మొన్న వర్షాలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున గజ్జె మోగింది. నేను అడిగాను. ఆమె కళ్లు తెరవలేదు. మళ్లీ తొక్కింది. మళ్లీ మోగింది. మళ్లీ అడిగాను.

"గజ్జెనే ముందు ఇనబడ్డదే" అంది.

నేను గుంత తడిగా ఉందన్నాను. వానకు చల్లబడిందన్నాను. ఆర్‌ఎంపీ మాట నా నోట్లోంచే వచ్చింది. ఆమె నా వైపు జాలిగా చూసింది. "గుంత సల్లదనం గాదు బిడ్డా. నా కాలు నాకు ఎరుకే. ఆ బిడ్డకు ఫోన్ చెయ్యి." ఆ రోజే బయలుదేరాం. ఈసారి గదులు తిరగలేదు. రక్తంలో ప్రోటీన్ మళ్లీ పెరిగిందని త్వరగానే తేలింది. తొందరగా వచ్చారని డాక్టరు మెచ్చుకుంది. మాత్రలు మళ్లీ మొదలుపెట్టింది. పాదాల మొద్దుదనం పైకి పాకకుండా ఆగింది. కానీ ఆ మందులకు ఒంట్లో రోగాలను ఆపే కాపలా తగ్గుతుంది. దగ్గు పట్టుకుంది. దగ్గు ఊపిరితిత్తుల్లోకి దిగింది. పాప పరీక్షలని నన్ను గద్వాలలో ఉండమని ఆమే పట్టుబట్టింది. "నువ్వు వస్తె నాకు నీ పరేషాన్ ఎక్కువ" అంది. ఆసుపత్రి మంచం మీది నుంచి ఫోనులో నాతో మాట్లాడిన చివరి మాట, "మగ్గం మీద చీర సగంల ఉన్నది, ఎలుకలు వడతయ్ జర సూస్కో" అని.

దినాలన్నీ అయిపోయాయి. ఆత్మకూరు నుంచి వచ్చిన అత్త తమ్ముడు వెళ్లిపోయాడు. పాప బడికి పోయింది. మగ్గం మీద ఆ సగం చీర అట్లాగే ఉంది. నీలం నడుమ, కుంకుమ రంగు అంచు. ఆమె ఆపినచోట పేక దారం కొస వేలాడుతోంది. కోసి తీసేయడానికి నాకు మనసు ఒప్పలేదు. అట్లాగే వదిలేస్తే రోజూ చూడలేను. తల స్నానం చేసి వచ్చి, మామ పోయాక ఆమె ఎట్లా దిగిందో అట్లా, అంచు దగ్గరి పీట దాటి గుంతలోకి దిగాను. ఆమె కాళ్లు నా కాళ్లకంటే పొడుగు. పలక అందుకోవడానికి ముందుకు జరగాల్సి వచ్చింది. మా ఆయన వచ్చి నా పీట మీద కూర్చున్నాడు. అంచు నాడె చేతిలోకి తీసుకున్నాడు.

కళ్లు నేను మూయలేదు, అవే మూతపడ్డాయి. పలక తొక్కాను. ఘల్లుమంది.

"తెలిసిందా?" అన్నాడు ఆయన.

అన్నేళ్లు అడిగిన మాటే గానీ దానికి జవాబు నేనెప్పుడూ చెప్పలేదు. నా పాదం కింద చెక్క చల్లగా ఉంది, ఆమె మడమ అరగదీసిన చోట కాస్త గుంటగా ఉంది. అదంతా తెలుస్తోంది. జవాబుగా ఇంకోసారి తొక్కాను. గజ్జె మోగింది. ఆయన నాడె ఇటు తోశాడు.